రెండు వర్గాలూ ఒక ఘనమూ

రామలింగప్ప అన్నది ఘనాలు. మారెన్న విన్నది గన్నులు. తేడా అంతే. ఆ తేడాకు మూడు తలకాయలు, రెండు పళ్ళు, ఒక చెవితమ్మె, ఒక మగ్గం ఖర్చయిపోయాయి.

కర్నూలుకు రాజధాని వచ్చిన మరుసటి ఏడు, ఎండలు ముదిరే వేళ, ఎర్రదిన్నెలో నేతగాడు రామలింగప్ప మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నాడె విసురుతున్నాడు. మగ్గం టకటకలాడుతోంది. వీధిలో బండి తోలుకుపోతున్న మారెన్న మర్యాదకు ఒక కేక వేశాడు.

"ఏమప్పా రామలింగప్పా, ఏం చేస్తాండావు?"

"నేస్తాండా! ఇరవై ఏడు ఘనాలు గూడా తయారు చేసి పెట్టినా!"

"ఎన్నీ?"

"ఇరవై ఏడు! దేవేంద్రప్ప చెక్క ఇచ్చినాడు. ఇంగ అతికిస్తే ఒక పనైపోతాది!"

మారెన్న ఎద్దుల తోకలు మెలిపెట్టాడు. బండి సగం చక్రాల మీదా సగం గాలిలోనూ పోయి పెద్ద ఈరన్న ఇంటి ముందు ఆగింది. ఎందుకంటే మారెన్న పెద్ద ఈరన్న మనిషి. చెక్క ఇచ్చినవాడు దేవేంద్రప్ప. పెద్ద ఈరన్నకూ దేవేంద్రప్పకూ మధ్య గన్ను అనే మాట వినబడితే, అది నిజమా అని ఎవరూ అడగరు, ఎన్ని అని మాత్రం అడుగుతారు. ఎన్నో కూడా మారెన్న కనుక్కునే వచ్చాడు.

ఎర్రదిన్నెకు నేతలు ఇద్దరు, నేత ఒకటి. నేతలు పెద్ద ఈరన్న, దేవేంద్రప్ప. నేత రామలింగప్పది. వంకకు ఎగువ పొలాలు ఈరన్న వర్గానివి, దిగువ పొలాలు దేవేంద్రప్ప వర్గానివి. ఆ వంకలో నీళ్ళు ఏడాదికి నలభై రోజులు పారతాయి. తక్కిన మూడువందల ఇరవై ఐదు రోజులూ, ఆ నలభై రోజుల నీళ్ళు ఎవరివన్న విషయం మీద నెత్తురు పారుతుంది. రామలింగప్ప రెండు వర్గాలకూ పంచెలు నేస్తాడు. పంచెలకు అంటిన మరకలను బట్టి ఊరి చరిత్ర మొత్తం చెప్పగలడు.

అరగంటలో అతని తలుపు ఊడి లోపల పడింది. తలుపు మీద ఈరన్న, ఈరన్న వెనక గొడ్డళ్ళతో పన్నెండు మంది.

"యాడరా గన్నులు?"

"ఏం గన్నులప్పా?" అన్నాడు రామలింగప్ప. చెంప మీద ఒకటి పడింది. ఆ ప్రశ్నకు అది జవాబు కాదని అతనికి తెలుసుగానీ, మళ్ళీ అడగలేదు.

పెట్టె పగలగొట్టారు. అటక మీది కుండలు దింపకుండానే దించారు. ఇంతలో "ఈరన్న ఆయుధాలకని నేతగాని ఇంటి మీద పడ్డాడంట" అన్న వార్త ఊరికి అడ్డంగా పరుగెత్తి దేవేంద్రప్ప చెవిలో పడింది. అతను పదిహేను మందితో వచ్చాడు. లోపలికి రావడానికి తలుపు అడ్డం లేదు గదా. రెండు అంకణాల ఇంట్లో ఇరవై తొమ్మిది మంది కొట్టుకున్నారు. కర్ర ఎత్తడానికి చోటు లేక తలలతో కుమ్ముకున్నారు, మూడు తలకాయలు పగిలాయి. దేవేంద్రప్ప బావమరిది సుంకప్ప, మారెన్న చెవితమ్మె కొరికి ఉమ్మేశాడు. మారెన్న వాడి ముందు పళ్ళు రెండు రాలగొట్టాడు. ఎవడో మగ్గం గుంటలో పడ్డాడు, వాడి మీద ముగ్గురు పడ్డారు, వాళ్ళ మీద మగ్గం పడింది. రామలింగప్ప భార్య గంగాదేవి రోకలి తీసుకుని ఏ వర్గమని చూడకుండా అందిన వీపునల్లా దంచింది. ఆ రోజు ఊళ్ళో పక్షపాతం లేకుండా కొట్టింది ఆమె ఒక్కతే.

చివరికి ఈరన్న చేతికి ఒక గోనెసంచి దొరికింది. గుమ్మరించాడు. కర్రముక్కలు దొర్లాయి. రెండు వేళ్ళ మందాన, అన్ని పక్కలా సమానంగా, నున్నగా చిత్రిక పట్టిన తుమ్మచెక్క ముక్కలు. ఇరవై ఏడు.

"ఇవేందిరా?"

"ఘనాలప్పా" అన్నాడు రామలింగప్ప, పెదవి నెత్తురు తుడుచుకుంటూ.

అందరూ మారెన్న వైపు చూశారు. మారెన్న మిగిలిన చెవి మూసుకున్నాడు.

రామలింగప్ప అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ తను చేసిన వస్తువును ఊరు పెద్దలిద్దరూ ఒకేసారి చూడటం అతని జన్మలో అదే మొదలు. నేల మీద కూలబడి, మగ్గం కింద మూలుగుతున్నవాణ్ణి పక్కకు జరిపి, ముక్కలు పేర్చడం మొదలుపెట్టాడు.

"మేం చీర మీదికి బుటా పువ్వు గీసేది గళ్ళ కాగితం మీద గదప్పా. ఒగ దినం అనుకున్నా, ఈ గడికి ఎత్తు వస్తే ఎట్లుంటాదని. వర్గానికి ఎత్తు వస్తే ఘనం."

"ఏ వర్గానికిరా?" అని ఇద్దరు ముగ్గురు కర్రలు ఎత్తారు.

"గడినే వర్గమంటారప్పా లెక్కల్లో! దింపండి కట్టెలు! సూడు, ఈటిని మూడు, నాలుగు, ఐదు లెక్కన వంకరటింకరగా అతికిస్తే ముక్కలైతాయి. ఆ ముక్కలన్నీ కూర్చితే అడ్డం మూడు, పొడవు మూడు, ఎత్తు మూడు, మళ్ళా ఒగ పెద్ద ఘనం రావల్ల. ఎట్ల కూర్చల్లనో సూసినోడు కనుక్కోవల్ల. అదీ ఆట."

"దీని కోసం నా చెవి పోయిందా?" అన్నాడు మారెన్న.

ఆ వారంలోనే, తలకు కట్టు కట్టుకున్న దేవేంద్రప్ప మళ్ళీ వచ్చాడు. పక్కనే, భుజానికి కట్టు కట్టుకున్న ఈరన్న. ఇద్దరూ కలిసి నడవడం చూసి వీధిలో కుక్కలు మొరగడం మరిచిపోయాయి. రెండిళ్ళ ఆడవాళ్ళూ కూడబలుక్కుని పొయ్యి వెలిగించడం మానేశారట. మూడు రోజులు పచ్చి వేరుశనక్కాయలు నమిలాక ఇద్దరికీ రాజీ రుచించింది. నీళ్ళు ఎగువకు ఇరవై రోజులు, దిగువకు ఇరవై రోజులు. ఒప్పుకున్నారు. అయితే ఆ ఒప్పందానికి గుర్తేమిటి?

"పోయినతూరి కాగితం మీద రాసుకుంటిమి" అన్నాడు ఈరన్న. "ఈయప్ప బామ్మర్ది దాన్ని నమిలి మింగినాడు."

"అప్పుడు వానికి పళ్ళుండె" అన్నాడు దేవేంద్రప్ప. "ఇంగ మింగలేని గుర్తు కావల్లప్పా రామలింగప్పా. ఒగరు దాచి ఒగరు మార్చేది గాకుండా ఉండల్ల. నీ కట్టెబొమ్మ పనికొస్తాదా?"

రామలింగప్ప కళ్ళు వెలిగాయి. ఆరు ముక్కల ఘనం చేస్తానన్నాడు. మూడు ముక్కలు ఈ ఇంట్లో, మూడు ఆ ఇంట్లో. ఏటేటా వంకకు నీళ్ళు వచ్చిన మొదటి సోమవారం గట్టు మీద కలిపి చూసుకోవాలి. ఘనం వస్తే రాజీ బతికున్నట్టు. ఎవరైనా ముక్క పారేసినా, మార్చినా రాదు, వాళ్ళే మాట తప్పినట్టు.

"అన్నీ సరిగా ఉండి గూడా రాకపోతే?" అన్నాడు ఈరన్న.

"రాకపోయేది అనేది ఉండదప్పా. నేను చేసింది రాకపోతే నా కుడిచెయ్యి నరుక్కోండి."

లోపల్నుంచి సంకటి తెడ్డు ఒకటి ఎగిరొచ్చి అతని వీపుకు తగిలింది. గంగాదేవి గురి తప్పదు. కానీ మాట అప్పటికే గడప దాటింది. దేవేంద్రప్ప "సరే" అన్నాడు. ఈరన్న "సరే" అన్నాడు. ఇద్దరూ ఒకే మాట మీద నిలబడింది ఆ ఊళ్ళో అదే మొదటిసారి. అది రామలింగప్ప మణికట్టు మీద.

అప్పట్నుంచి అతనికి ఆ ఘనపు దిమ్మె తప్ప మరో ధ్యాస లేదు. దిమ్మె పట్టుకుని దిమ్మరిలా తిరిగాడు. మొదట చేసిన ఆరు ముక్కలు ఎన్ని రకాలుగానో కూడాయి. గంగాదేవి ఒక చేత్తో సంకటి గెలుకుతూ రెండో చేత్తో కూర్చేసింది. అంత తేలిగ్గా వచ్చేదైతే దొంగముక్క పెట్టినా వస్తుంది. దాన్ని పొయ్యిలో పెట్టాడు. రెండోసారి చేసినవి అసలు కూడలేదు. పదకొండు రోజులు తిప్పి తిప్పి వేళ్ళు వాచాక, నీలిమందు తెచ్చి, దిమ్మెలో గడి విడిచి గడికి రంగు పూస్తే ఎట్లా ఉంటుందో లెక్కకట్టాడు. మూలలన్నీ నీలం అనుకుంటే నీలివి పద్నాలుగు, తెల్లవి పదమూడు రావాలి. తన ముక్కల్లో మూడేమో నడుమ ఒక రంగుది ఒకటి, చుట్టూ రెండో రంగువి నాలుగు, మిగతా మూడింట్లో రెండు రంగులూ సమానం. అవి ఉన్నంతకాలం నీలివి పన్నెండో పదిహేనో వస్తాయిగానీ పద్నాలుగు చచ్చినా రావు. పదకొండు రోజులు తిప్పినది తిప్పలే అన్నమాట. ముందే లెక్క చూసుకోనందుకు తన చెంప తనే వాయించుకున్నాడు. ఆ ఇంట్లో దెబ్బ తినడానికి బయటివాళ్ళే రానక్కర్లేదు.

మూడోసారి కుదిరింది. ఆరు ముక్కలు, గడి విడిచి గడికి నీలిరంగు, కూర్చేందుకు ఒకే ఒక్క దారి. వాటిలో రెండు గుబ్బముక్కలు ఉన్నాయి. మూడు ఘనాలు నేల మీద మూలతిరిగి, చివరిదాని నెత్తిన నాలుగోది గుబ్బలా ఉంటుంది. గుబ్బ వైపు నడిచే చీమ ఒకదానిలో కుడికి తిరుగుతుంది, రెండోదానిలో ఎడమకు తిరుగుతుంది. రెండూ నమస్కారం పెట్టిన రెండు చేతుల్లాంటివి. కుడిది ఈరన్న ఇంటికి, ఎడమది దేవేంద్రప్ప ఇంటికి ఇచ్చాడు. ఆ ఏడు వంక గట్టు మీద రెండు వర్గాల ముందు దిమ్మె కూర్చాడు. చివరి ముక్క జారి కూర్చుంటే గట్టు మీద అంతమంది మగవాళ్ళు ఒకేసారి "హా" అన్నారు. నలభై రోజులూ నీళ్ళే పారాయి.

మరుసటి ఏడు నీళ్ళు వచ్చాయి. మొదటి సోమవారం వచ్చింది. మిట్టమధ్యాహ్నం గట్టు మీది బండ దగ్గర ఒక పక్క ఈరన్న మనుషులు, ఒక పక్క దేవేంద్రప్ప మనుషులు నిలబడ్డారు. రాజీ సభే అయినా అలవాటు కొద్దీ కర్రలూ వేటకొడవళ్ళూ తెచ్చుకున్నారు. ఎగువన ఆడవాళ్ళు కొంగులు నెత్తిన వేసుకుని కూర్చున్నారు. రామలింగప్ప కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. నేసింది తనే కాబట్టి కొత్త పంచెకు లోటు లేదు.

ఒకటో ముక్క పెట్టాడు. రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరోది ఈరన్న వాళ్ళ గుబ్బముక్క. పెట్టాడు. కూర్చోలేదు. తిప్పి పెట్టాడు. గుబ్బ పైకి లేచి వెక్కిరించింది. మొత్తం విప్పి మళ్ళీ పేర్చాడు. మళ్ళీ గుబ్బ. మెడ మీద చెమట వీపుకు దిగింది.

"ఏమప్పా?" అన్నాడు దేవేంద్రప్ప.

"ఒక్క గడియ."

"పోయినేడు గడియ పట్టలే."

"దొంగముక్క!" అని అరిచాడు సుంకప్ప. "ఈరన్న ముక్క మార్చినాడు!"

"ఎవుర్రా మార్చింది? మీ ఇంట్లో మూడు ముక్కలుండ్లా?" అని మారెన్న వాడి మీదికి దూకాడు. ముక్క కుదరకపోతే ముక్కు పగిలింది. సుంకప్ప ముక్కు. వాడి అన్న కర్ర తిప్పాడు, మారెన్న భుజం ఎముక పటుక్కుమంది. అటు నుంచి రాయి వచ్చింది, ఇటు నుంచి రెండు వెళ్ళాయి. ఒకడు గట్టు మీంచి వంకలో పడ్డాడు. వాడి మీద పడి ఇద్దరు వాడి ముఖాన్ని బురదలో నొక్కిపెట్టారు. వాణ్ణి లాగబోయినవాడి ముంజేయి కొడవలి వేటుకు మణికట్టు నుంచి మోచేతి దాకా తెరుచుకుంది. లోపలి తెలుపు ఒక క్షణం కనబడి, ఎర్రగా మునిగిపోయింది. వంక నీళ్ళు ఏడాది విరామం తర్వాత తమ పాత రంగు గుర్తు చేసుకున్నాయి. ఆడవాళ్ళ కేకలు ఎవరికీ వినబడలేదు.

ఈ గొడవలో రామలింగప్ప చేసిన పనల్లా ఆరు ముక్కల మీద బోర్లా పడుకోవడం. ఎవరో అతని జుట్టు పట్టి లేపారు. ఎవరో కుడిచెయ్యి లాగి బండ మీద పరిచి మోకాలితో తొక్కిపట్టారు. తల తిప్పి చూస్తే మోకాలు దేవేంద్రప్పది. వేటకొడవలి కూడా అతనిదే.

"ఆగండి!" అని దేవేంద్రప్ప అరిచాడు. నెత్తురు చూసి ఆగనివాళ్ళు ఆ గొంతు విని ఆగారు. "ముందు మాట ప్రకారం ఈ చెయ్యి. మార్చిందెవురో తరువాత తేల్చుకుందాం. ఏమంటావు ఈరన్నా?"

ఈరన్న నెత్తురు ఉమ్మి, "మాట మాటే" అన్నాడు.

నాడె విసిరే చెయ్యి అది. అది పోతే ఎడమచేత్తో అడుక్కోవడం తప్ప మిగిలేదేమీ లేదు. కొడవలి అంచు ఎండకు మెరిసింది. విచిత్రమేమిటంటే, రామలింగప్పకు ఆ క్షణాన చెయ్యి కంటే దిమ్మె మీదే ఎక్కువ కోపం వచ్చింది.

"నరుకప్పా, ఒద్దనను. లెక్క సూసుకోనీ. ఎందుకు రాలేదో తెల్సుకోకుండా చెయ్యి పోతే ఆ చెయ్యి ఊరికే పోయినట్ల."

దేవేంద్రప్ప మోకాలు తియ్యలేదుగానీ కొడవలి ఒక జానెడు పైన ఆపాడు. రామలింగప్ప ఎడమచేత్తో ముక్కలు దగ్గరికి లాక్కున్నాడు. ఘనాలు లెక్కపెట్టాడు. ఇరవై ఏడు. నీలివి పద్నాలుగు, తెల్లవి పదమూడు. లెక్క సరిపోయింది, దిమ్మె సరిపోలేదు. ఏ ముక్కా పోలేదు, ఏ గడీ తగ్గలేదు. మరి ఏం మారింది? రెండు గుబ్బముక్కలు పక్కపక్కన నేల మీద పెట్టి, చీమ నడిచినట్టు వేలితో నడిచాడు. మొదటిది, దేవేంద్రప్పది. గుబ్బ వైపు ఎడమకు తిరిగింది. రెండోది, ఈరన్నది. అదీ ఎడమకే తిరిగింది.

రెండు ఎడమచేతులతో నమస్కారం పెట్టమంటే దిమ్మె ఎట్లా పెడుతుంది?

రామలింగప్పకు అర్థమైంది. ఈరన్న ముక్క తను చేసింది కాదు. ఆ మాట అంటే తన చెయ్యి మిగులుతుంది, ఈరన్న మనుషులు మిగలరు. అనకపోతే చెయ్యి ఇక్కడే ఉండిపోతుంది, తను ఇంటికి పోతాడు. నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"ఆ ముక్క నేను చేయించినా" అని ఒక గొంతు పలికింది.

రామలింగప్పది కాదు. పెద్ద ఈరన్న భార్య గిడ్డమ్మ గట్టు దిగి, పడినవాళ్ళను దాటుకుంటూ వచ్చి బండ దగ్గర నిలబడింది.

"నీకేం పనే ఈడ? పో!" అన్నాడు ఈరన్న.

"పోతా, చెప్పి పోతా. ఉగాదికి ముందు పాత ముక్క పగిలిపోయింది. నేనే పగలగొట్టినా. దేనికి కొడితే పగిలిందో నీ మొగంలో కనపడతాండ్లా?"

ఈరన్న నుదుట అడ్డంగా ఒక మచ్చ ఉంది. కోడె కుమ్మిందని ఊరంతా చెప్పుకున్నాడు. ఊరంతా ఇప్పుడు ఆ మచ్చ వైపూ, గిడ్డమ్మ చేతి వైపూ మార్చి మార్చి చూసింది. సుంకప్ప పగిలిన ముక్కుతోనే నవ్వాడు. ఈరన్న గొడ్డలి ఎత్తి పెళ్ళాం మీదికి రెండడుగులు వేశాడు. గిడ్డమ్మ వంగి, పట్టుకు సరిపోయే రాయి ఒకటి ఏరుకుంది. ఈరన్న అక్కడే ఆగిపోయాడు. ఒకసారి కుమ్మిన కోడె రెండోసారీ కుమ్ముతుందని అతనికి అనుభవం.

"మా ఇంటాయనకు గుడక తెలీదు" అంది గిడ్డమ్మ దేవేంద్రప్పతో. "గుర్తు పగిలిందంటే మీరు ఊరుకుంటారా? గంగాదేవక్క కాళ్ళు పట్టుకుంటే ముక్క గీసిన కాగితం ఇచ్చింది. దాన్ని సూసి వడ్రంగి దావీదురాజు అట్లాంటిదే చేసిచ్చినాడు. రంగు నేనే పూసినా. అంతే. మోసం లేదు."

రామలింగప్ప బండ మీంచే తల తిప్పి పెళ్ళాం కోసం వెతికాడు. "నువ్విచ్చినావా?"

"ఇచ్చినా" అంది గంగాదేవి ఆడవాళ్ళ మధ్య నుంచి. "నీకు చెప్తే ఊరంతా దండోరా వేస్తావని చెప్పలే."

"కాగితం సూసి చేసుంటే ఎందుకు కుదర్లే?" అన్నాడు దేవేంద్రప్ప. కొడవలి ఇంకా కిందికి దించలేదు. "ఆ వడ్రంగోన్ని పట్టండి!"

దావీదురాజు పారిపోలేదని కాదు, పారిపోవడానికి తిరిగాడు. నలుగురు పట్టుకున్నారు. మిషను బడిలో పని నేర్చుకున్న చక్కని వడ్రంగి అతను. గీత ఎట్లా ఉంటే కోత అట్లా ఉంటుందని పేరు. బండ దగ్గరికి చేరేలోపు రెండు వర్గాలూ తలా కాస్త తన్నాయి. పై పెదవి చిట్లింది, ఒక కన్ను మూసుకుపోయింది. పనిముట్ల సంచి నేల మీద పడింది. అందులోంచి మడత కాగితం తీసి చాచాడు.

"సామీ, గీసినట్లే కోసినా! కాగితం మీద రెండు గళ్ళ పటాలుండాయి. ఒగదాంట్లో మూడు గళ్ళు నింపి ఉండాయి, రెండోదాంట్లో ఒగటే గడి. మొదటిదాన్ని కింద పెట్టినా, రెండోదాన్ని దాని నెత్తిన పెట్టినా. ఏ ఇల్లన్నా పునాది నుంచే గదా కట్టేది? మొదటిది కిందనే గదా?"

రామలింగప్ప ఆ మాట విని కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అతని ముఖం మీద భయం లేదు. లెక్క దొరికినవాడి వెర్రినవ్వు ఉంది.

"మోకాలు తియ్యి దేవేంద్రప్పా. ఒగ నిమిషం. రంపం ఇయ్యి దావీదూ."

ఏ ధైర్యంతో అన్నాడోగానీ దేవేంద్రప్ప మోకాలు లేచింది. కొడవలి మాత్రం మణికట్టును నీడలా వెంటాడింది. రామలింగప్ప మొద్దుబారిన కుడిచేత్తో రంపం పట్టి గుబ్బను కోశాడు. చివరి ఘనం నెత్తిమీంచి తీసి, అదే ఘనం కింద పెట్టాడు. మొలలోంచి సన్నటి నూలుపోగు లాగి, నేతగాడి ముడితో బిగించాడు. తలకిందులు చేసి బండ మీద పెట్టి వేలితో నడిచాడు. గుబ్బ వైపు కుడికి తిరిగింది.

ఐదు ముక్కలు పేర్చాడు. ఆరోది పట్టుకున్నాడు. గట్టు మీద మూలుగుతున్నవాళ్ళు కూడా మూలగడం ఆపారు. ముక్క జారింది. నూలు కాస్త పట్టింది. బొటనవేలితో నొక్కాడు. టక్కుమంది. మూడు మూళ్ళ ఘనం, ఎక్కడా గుబ్బ లేకుండా, బండ మీద కూర్చుంది.

దేవేంద్రప్ప కొడవలి నేలలోకి దింపాడు, పిడి దాకా. రామలింగప్ప చెయ్యి వెనక్కి లాక్కుని చంకలో దాచుకున్నాడు.

"వచ్చింది సరే" అన్నాడు ఈరన్న. "ఇంతమంది ఎముకలు ఇరిగినాయి. ఎందుకు ఇరిగినాయో చెప్పు. అందరికీ అర్థమయ్యేటట్ల చెప్పు."

రామలింగప్ప బండ ఎక్కి నిలబడ్డాడు. కాగితం విప్పి పట్టుకున్నాడు.

"తప్పు దావీదుది గాదు. వడ్రంగి ఏం చేసినా నేల నుంచి పైకి చేస్తాడు. అందుకని మొదటి పటం కింది పొర అనుకున్నాడు. నేను నేతగాన్ని. బుటా చీర నేసేటప్పుడు బట్ట మొగం కిందికుంటాది, మాకు కనపడేది ఈపు. అందుకని మా ఇండ్లలో ఏది గీసినా పైన కనపడేది ముందు గీస్తాం, కింద ఉండేది ఎనక గీస్తాం. నేను మొదట గీసింది పై పొర, రెండోది కింది పొర. మూడు గళ్ళు పైన, గుబ్బ కింద. ఆయప్ప గుబ్బను పైకి పెట్టినాడు. మామూలు ముక్కైతే ఏం కాదు, తిప్పి పెట్టుకుంటే సరిపోతాది. ఇది చేతి లెక్క ముక్క. పైదీ కిందిదీ మారితే కుడిచెయ్యి ఎడమచెయ్యి అయిపోతాది. ఎంత తిప్పినా మళ్ళా కుడిది కాదు. కావాలంటే మీ ఎడమచెయ్యి తిప్పి సూసుకోండి."

గట్టు మీద పగలని చేతులున్నవాళ్ళంతా ఎడమచేతులు తిప్పి చూసుకున్నారు. అరచెయ్యి పైకి, కిందికి, వేళ్ళు అటు, ఇటు. మారెన్న విరిగిన భుజంతో కూడా ప్రయత్నించి కెవ్వుమన్నాడు. ఒక్కొక్కరి ముఖంలోనూ అర్థమైన వెలుగు వచ్చింది. ఆ వెలుగు వెనకే, ఇంత చిన్నదానికా అన్న మంట వచ్చింది.

"అంటే ఇది మోసం కాదు" అన్నాడు దేవేంద్రప్ప నెమ్మదిగా. "పొర పాటు."

"పొరపాటే" అన్నాడు రామలింగప్ప.

"పై పొర ఇది, కింది పొర ఇది అని ఒగ్గ మాట రాసుంటే?"

రామలింగప్ప నోరు తెరిచాడు. "మాకు తెలిసిందే గదప్పా. రాసేదేముంది?"

దేవేంద్రప్ప ఎడమచేత్తో అతని కుడిచెంప మీద ఒక్కటి లాగాడు. రామలింగప్ప బండ మీంచి ఈరన్న వైపు తూలాడు. ఈరన్న కుడిచేత్తో ఎడమచెంప మీద అంతే బలంగా ఇచ్చి నిలబెట్టాడు. ఎగువకొకటి, దిగువకొకటి. ఇరువర్గాలకూ సమానం.

"ఇంగెవురుండారు?" అని రెండు వర్గాలూ కలిసికట్టుగా దావీదురాజు కోసం చూశాయి. రంపం, సంచి, కాగితం అన్నీ అక్కడే ఉన్నాయి. దావీదురాజు మాత్రం అప్పటికే మొలలోతు నీళ్ళలో, మిగిలిన ఒక కన్నుతో దారి చూసుకుంటూ, వంక సగం దాటేశాడు.